2010 - నాకు నచ్చిన రెండో భాగం

మా సంఘంలో నన్ను ఏడిపించడం చాలా తేలిక. "ఏమండీ, ఇంతకీ 2001 గొప్పదా, 2010 గొప్పదా?" అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు. ఇక టీలు చల్లారిపోతాయి, ఎజెండా పక్కకి పోతుంది. ఆ వాదనేదో ఒకసారి కాగితం మీద పెట్టేస్తే మిగతావాళ్ళకి మనశ్శాంతి అని ఈ ప్రయత్నం.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 2001: ఎ స్పేస్ ఒడిస్సీ 1968లో వచ్చింది. స్టాన్లీ క్యూబ్రిక్ తీశాడు, ఆర్థర్ సి. క్లార్క్‌తో కలిసి రాసుకున్నాడు. దాన్ని కాదనే ధైర్యం ఎవరికీ లేదు, నాకూ లేదు. దాని తరువాయి 2010: ద ఇయర్ వి మేక్ కాంటాక్ట్. క్లార్క్ 1982లో రాసిన నవలని పీటర్ హయమ్స్ 1984 డిసెంబరులో సినిమాగా తెచ్చాడు. ఐదు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, ఒక్కటీ గెలవలేదు. సినిమా పండితులు ఎవరైనా దీని గురించి మాట్లాడితే "ఫరవాలేదు, కానీ..." అంటారు. ఆ "కానీ" తర్వాత పావుగంట క్యూబ్రిక్ గురించి మాట్లాడతారు!

ముందే ఒక సంగతి ఒప్పేసుకుంటాను, లేకపోతే మావాళ్ళు ఊరుకోరు. నేను రెండోది ముందు చూశాను. 1993లో పాండిచ్చేరి మిషన్ వీధి పక్క సందులో ఒక వీడియో లైబ్రరీ ఉండేది. రోజుకి పది రూపాయలు. నేను యానాం నుంచి ఉద్యోగం మీద కొత్తగా వచ్చాను, అరవం సరిగా రాదు, సాయంత్రాలు ఏం చెయ్యాలో తెలిసేది కాదు. కొట్టతను "2001 ఎవరో పట్టుకుపోయి తిరిగివ్వలేదు, 2010 ఉంది, తీసుకెళ్ళు" అన్నాడు. అలా మొదలైంది. కాబట్టి నా అభిమానంలో మొదటిసారి చూసిన మోజు కొంత ఉంది. ఆ పాలు తీసేసి చూసుకోండి.

మొదటి సినిమాలో ఏం జరుగుతుంది? డిస్కవరీ అనే నౌక ఐదుగురితో గురుగ్రహానికి బయల్దేరుతుంది. దాన్ని నడిపేది హాల్ 9000 అనే కంప్యూటర్. ఎన్నడూ తప్పు చెయ్యని యంత్రం. దారిలో అది ఐదుగురిలో నలుగుర్ని చంపేస్తుంది. మిగిలిన బోమన్ దాని మెదడు పలకలు ఒక్కొక్కటీ ఊడబీకేస్తాడు. ఆ తర్వాత నల్లటి శిలాఫలకం, రంగురంగుల సొరంగం, ఒక తెల్లటి గది, చివర్లో నక్షత్రశిశువు. హాల్ ఎందుకలా చేసింది? సినిమా మాటవరసకి కూడా చెప్పదు. చూసినవాళ్ళు తలో మాటా అన్నారు. యంత్రానికి అహంకారం వచ్చిందన్నారు, పిచ్చెక్కిందన్నారు, మనిషి సృష్టించినదేదైనా మనిషిని కాటేస్తుందన్నారు. చదువుకున్నవాళ్ళే అన్నారండీ ఇవన్నీ.

ఇలాంటి మాటలు మనం ఎక్కడ విన్నాం? ఊళ్ళో ఒకామె ఉన్నట్టుండి ఊగిపోతే దయ్యం పట్టిందంటారు. గడ్డివాము తగలబడితే బాణామతి అంటారు. ఎవరూ కూచుని "ఆ రోజు ఏం జరిగింది, అంతకుముందు ఏం జరిగింది, ఆమెతో ఎవరేమన్నారు" అని అడగరు. మనం అడుగుతాం. కోవూరు గారు జీవితమంతా చేసిన పని అదే కదా. 2010 సినిమాలో వాళ్ళు చేసేదీ అదే.

కథంతా ఒక ప్రమాద విచారణ. తొమ్మిదేళ్ళ తర్వాత లియోనోవ్ అనే సోవియట్ నౌక డిస్కవరీని వెతుక్కుంటూ వెళ్తుంది. అందులో ముగ్గురు అమెరికన్లకి చోటిస్తారు. ఒకడు హేవుడ్ ఫ్లాయిడ్ (రాయ్ షైడర్), పాత యాత్ర పోయిందన్న నింద మోస్తున్నవాడు. ఒకడు డిస్కవరీ రకం నౌకలు తెలిసిన ఇంజనీరు కర్నో. మూడోవాడు హాల్‌ని తయారుచేసిన డాక్టర్ చంద్ర. డిస్కవరీ అయో ఉపగ్రహం దగ్గర గిరగిరా తిరుగుతూ, ఒళ్ళంతా పసుప్పచ్చ గంధకం పూసుకుని కనిపిస్తుంది. ఆ పసుపు దర్శకుడి ఊహ కాదు. అయో మీద అగ్నిపర్వతాలున్నాయనీ, అవి గంధకం చిమ్ముతాయనీ 1979లో వాయేజర్ చూపించింది. క్లార్క్ ఆ కొత్త సమాచారమంతా తెచ్చి నవల్లో పోశాడు. యూరోపా మంచు కింద సముద్రం ఉండొచ్చన్న ఊహ కూడా ఆ బొమ్మల తర్వాత బలపడిందే.

ఇంకో మంచి సంగతి. మొదటి నవల్లో నౌక శనిగ్రహానికి వెళ్తుంది, మొదటి సినిమాలో గురుగ్రహానికి. రెండో నవల రాసేటప్పుడు క్లార్క్ తన పుస్తకాన్ని పక్కనపెట్టి సినిమా దారి పట్టాడు. కొత్త ఆధారం దొరికితే పాత మాట మార్చుకోవడానికి నామోషీ పడలేదన్నమాట. మన పంచాంగకర్తలు ఎవరైనా ఇలా చెయ్యగా చూశారా :)

చంద్ర హాల్‌ని మెల్లగా, ఒక్కొక్క పలకా పెట్టి బతికిస్తాడు. పాత ఆజ్ఞలు తిరగేస్తాడు. తేలిందేమిటంటే - హాల్‌ని తయారుచేసింది సమాచారాన్ని ఉన్నదున్నట్టు, వంకర పెట్టకుండా, దాచకుండా అందించడానికి. కానీ బయల్దేరే ముందు ప్రభుత్వంలో పెద్దలు, ఫ్లాయిడ్‌కి కూడా తెలియకుండా, దానికి ఒక రహస్యం అప్పజెప్పారు. యాత్ర అసలు ఉద్దేశం మెలకువగా ఉన్న ఇద్దరు వ్యోమగాములకీ తెలియకూడదు. నిజమే చెప్పాలి, నిజం చెప్పకూడదు. రెండూ పాటించాలంటే ఒకటే దారి ఉంది, నిజం అడిగేవాళ్ళు లేకపోవడం. హాల్ ఆ దారే పట్టింది. పిచ్చీ కాదు, అహంకారమూ కాదు. అబద్ధం అలవాటైన మనుషులు, అబద్ధం చేతకాని దానికి అబద్ధం అప్పజెప్పారు.

నా మటుకు నాకు ఆ సన్నివేశం గురుగ్రహం నక్షత్రంగా మారడం కన్నా గొప్పది. ఎవరో బాణామతి గుట్టు విప్పినంత తృప్తి.

చంద్ర పేరు గురించి కాస్త చెప్పాలి. నవల్లో ఆయన పూర్తి పేరు శివసుబ్రమణియన్ చంద్రశేఖరంపిళ్ళై. మా పుదుచ్చేరి వీధుల్లో నిలబడి ఈ పేరు పిలిస్తే ఇద్దరు ముగ్గురైనా తిరిగి చూస్తారు. క్లార్క్ 1956 నుంచి శ్రీలంకలోనే ఉన్నాడు కాబట్టి ఈ పేర్లు ఆయనకి పొరుగువాళ్ళ పేర్లే. సినిమాలో మాత్రం ఆ పాత్ర బాబ్ బలబాన్ అనే అమెరికన్‌కి ఇచ్చారు. బాగా చేశాడు, కాదనను. కానీ ఒక అరవాయన కూచుని ఒక యంత్రాన్ని కన్నబిడ్డలా లాలించడం తెర మీద చూసే అవకాశం పోయింది. 1983లో నోబెల్ అందుకున్నది కూడా ఒక చంద్రశేఖరే. ఆ మరుసటి ఏడాదే వచ్చిన సినిమాకి ఒక్క భారతీయుడు దొరకలేదు! ఈ ఒక్క విషయంలో నేను సినిమాని వెనకేసుకురాను.

హాల్ అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలనీ ఒక్కో అక్షరం ముందుకి జరిపితే ఐబీఎం వస్తుందని ఒక ప్రచారం ఉంది. క్లార్క్ అది కాకతాళీయమని చెప్పీ చెప్పీ విసిగిపోయి, చివరికి 2010 నవల్లో చంద్ర చేతే చీవాట్లు పెట్టించాడు. అయినా ఇప్పటికీ ఎవరో ఒకరు నా దగ్గరికొచ్చి రహస్యం చెప్పినట్టు ఇది చెప్తూనే ఉంటారు. న్యూమరాలజీ చదువుకున్నవాళ్ళనీ వదలదు.

సినిమా తీసిన పద్ధతీ ముచ్చటే. హయమ్స్ లాస్ ఏంజెలెస్‌లో, క్లార్క్ కొలంబోలో. 1983లో ఇద్దరూ చెరో కేప్రో కంప్యూటర్ పెట్టుకుని, ఫోన్ తీగల మీద మోడెంతో ఉత్తరాలు పంపుకుంటూ కథ చర్చించుకున్నారు. ఆ ఉత్తరాలు తర్వాత పుస్తకంగా వచ్చాయి. క్యూబ్రిక్ పాత నమూనాలేవీ మిగల్చలేదు గనక డిస్కవరీని పాత సినిమా ఫ్రేములు చూసి మళ్ళీ కట్టారు. శ్వేతసౌధం ముందు బల్ల మీద కూచుని పావురాలకి గింజలేసే ముసలాయన క్లార్కే. రష్యన్ కెప్టెన్ పేరు కిర్బుక్ (హెలెన్ మిరెన్). కుబ్రిక్‌ని తిరగేశారు.

1984లో అమెరికా, రష్యా ఒకరి మీద ఒకరు అణుబాంబులు గురిపెట్టుకుని కూచున్న రోజుల్లో, ఇద్దరూ ఒకే నౌకలో బతకాల్సిన కథ రాశారు. నవలని క్లార్క్ ఇద్దరు రష్యన్లకి అంకితమిచ్చాడు - వ్యోమగామి అలెక్సీ లియోనోవ్, అప్పటికి ప్రవాసశిక్షలో ఉన్న సఖరోవ్. నవల్లో రష్యన్ సిబ్బందికి ఆయన పెట్టిన పేర్లు సోవియట్ అసమ్మతివాదులవి. మాస్కోలో ఒక పత్రిక 1984లో ఈ నవలని సీరియల్‌గా మొదలుపెట్టి, రెండు సంచికల తర్వాత ఈ పేర్ల సంగతి బయటపడి ఆపేసింది. సంపాదకుడి ఉద్యోగం పోయింది. నిజం దాచమన్న ఆజ్ఞ గురించిన నవలకి ఈ గతి పట్టడం చూడండి.

నిజం 2010 వచ్చేసరికి సోవియట్ యూనియన్ లేకుండా పోయి 19 ఏళ్ళయింది. గురుగ్రహానికి మనుషులెవరూ వెళ్ళలేదు. మా సంఘంలో ఒకాయన "మీ క్లార్క్ జోస్యం ఫెయిలైందిగా" అన్నాడు. జోస్యం కాదండీ, ఊహ. ఊహ తప్పితే తప్పిందని ఒప్పుకోవచ్చు, గ్రహాల మీదకి నెట్టనక్కర్లేదు.

ఇక లోపాలు. ఏ మాటకా మాట చెప్పుకోవాలి. చచ్చిపోయాడనుకున్న బోమన్ టీవీలో కనబడి భార్యతో మాట్లాడతాడు, మంచంలో ఉన్న తల్లి జుట్టు దువ్వుతాడు. హేతువాదులు చూసే సినిమాలో దయ్యమా అని నన్ను నిలదీశారు. నిజమే, నాకూ ఇబ్బందే. చివర్లో పైనుంచి ఒక సందేశం వస్తుంది - ఈ లోకాలన్నీ మీవే, యూరోపా జోలికి మాత్రం పోవద్దు, శాంతితో వాడుకోండి అని. శాంతి ముక్క సినిమావాళ్ళు కలిపింది, నవల్లో లేదు. ఆకాశవాణి చెప్తే తప్ప మనుషులు కొట్టుకోవడం మానరా? గురుగ్రహం నక్షత్రం కావడమూ అంతే. దాని ద్రవ్యరాశి సూర్యుడిలో వెయ్యో వంతు. హైడ్రోజన్ మండాలంటే ఇంకో 80 రెట్లు దాకా కావాలి. నల్ల ఫలకాలు లక్షల్లో పుట్టుకొచ్చి నొక్కేశాయి అంటే సరే, నొక్కేశాయి.

కానీ లియోనోవ్ గురుగ్రహం పైవాతావరణంలోకి దూసుకెళ్ళి, ఆ రాపిడితో వేగం తగ్గించుకునే ఘట్టం మాత్రం శుద్ధ భౌతికశాస్త్రం. 1993లో మాజెలాన్ నౌక శుక్రుడి దగ్గర ఇలాంటి పనే చేసింది, చాలా మెత్తగా, నెలల తరబడి. సినిమాలో నిమిషాల్లో అయిపోతుంది, లోపల కూచున్నవాళ్ళ మొహాలు చూస్తే మనకి చెమటలు పడతాయి.

అన్నట్టు, రెండో ప్రయత్నాల గురించి మాట్లాడేటప్పుడు మా ఊరి కథ ఒకటి చెప్పకుండా ఉండలేను. లె జెంటీ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త 1761లో శుక్రుడు సూర్యబింబానికి అడ్డంగా వెళ్ళడం చూద్దామని పాండిచ్చేరి బయల్దేరాడు. వచ్చేలోపు ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. ఆ రోజు ఆయన నడిసముద్రంలో ఉన్నాడు. ఊగే ఓడ మీద కొలతలు తియ్యడం కుదర్లేదు. మళ్ళీ ఎనిమిదేళ్ళకి ఉందని తెలిసి ఇటువైపే ఉండిపోయాడు. ఊరు ఫ్రెంచివాళ్ళకి తిరిగొచ్చింది, ఇక్కడే వేధశాల కట్టుకున్నాడు. 1769 జూన్ 4 ఉదయం మబ్బు పట్టింది. అంతా అయిపోయాక ఎండ కాసింది. 1771లో ఫ్రాన్సు చేరేసరికి ఆయన చనిపోయాడనుకుని వారసులు ఆస్తి పంచుకునే పనిలో ఉన్నారు. 2004 జూన్ 8న మేము బీచ్ రోడ్డు మీద చిన్న టెలిస్కోపుతో తెల్లకాగితం మీద ఆ శుక్రుడి చుక్కని పడేసి పిల్లలకి చూపిస్తుంటే, ఆయన గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

ఇంతవరకూ రాసింది సంఘంలో ఎప్పుడూ చెప్పేదే. ఇకమీదట రాసేది ఎక్కువమందికి చెప్పలేదు.

2013 డిసెంబరులో నాన్నని యానాం నుంచి ఇక్కడికి తీసుకొచ్చాం. బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. తిండి సహించట్లేదు, మనిషి సగమయ్యారు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు నన్నూ బావనీ బయటికి పిలిచి కడుపులో కాన్సర్ అనీ, కాలేయానికి పాకిందనీ చెప్పారు. నెలల లెక్కే అన్నారు. అమ్మ "ఆయనకి చెప్పారంటే నా మీదొట్టే" అంది. బావ మృత్యుంజయ హోమం అన్నాడు. హోమం వద్దని పోట్లాడాను. అబద్ధం విషయంలో మాత్రం ఒక్క మాట ఎదురు చెప్పలేదు. "అల్సరు నాన్నా, మందులతో తగ్గిపోతుంది" అని నేనే చెప్పాను. ఇరవై ఏళ్ళు ఊరూరా తిరిగి, ఆధారం లేనిదే ఏదీ నమ్మొద్దని ఉపన్యాసాలిచ్చిన నోటితోనే.

నాన్న వెర్రివారు కాదు. అల్సరుకి ఇన్ని స్కానింగులేమిటి? కాకినాడ నుంచి పిన్ని ఎందుకొచ్చింది, వచ్చి వంటింట్లో ఎందుకేడుస్తోంది? నన్నడిగేవారు, నేను అల్సరనేవాణ్ణి. డాక్టర్నడిగితే మీ అబ్బాయినడగండి అనేవారు. మూడు వారాలు ఇలాగే నడిచింది. మాటలు తగ్గించేశారు. ఒకరోజు సాయంత్రం ఆయన చొక్కా ఉతకడానికి తీస్తే జేబులో మడత పెట్టిన కాగితం దొరికింది. జాతకం. గాంధీ వీధిలో తెలుగు వచ్చిన ఒక జ్యోతిష్కుణ్ణి వెతుక్కుని, ఆటో కట్టించుకుని, ఒక్కరే వెళ్ళొచ్చారు. శని దశ ఇంకా రెండున్నరేళ్ళుందనీ, ఆ తర్వాత ఆరోగ్యం కుదుటపడుతుందనీ, మధ్యలో ఫలానా శాంతి చేయించాలనీ రాసిచ్చాడు.

నాన్నకి జాతకాల మీద పెద్ద నమ్మకం ఉండేది కాదు. గుడికి వెళ్ళేవారు గానీ జ్యోతిష్కుల్ని మాత్రం ఎగతాళి చేసేవారు. ఆయన్ని అక్కడికి పంపింది నేను. నిజం చెప్పేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేకపోతే, చెప్తానన్నవాడి దగ్గరికి వెళ్ళారు.

ఆ రాత్రి నిద్ర పట్టక 2010 డీవీడీ పెట్టాను. ఎన్నోసారో లెక్క లేదు. చివర్లో డిస్కవరీని బూస్టరుగా వాడుకుని లియోనోవ్ తప్పించుకోవాలి. డిస్కవరీ అక్కడే ఉండిపోతుంది, హాల్‌తో సహా. ఈ సంగతి హాల్‌కి చెప్పరు. చెప్తే ఎదురుతిరుగుతుందని భయం. ఎందుకైనా మంచిదని దాని కరెంటు తెగ్గొట్టే ఏర్పాటు కూడా చాటుగా చేసి పెట్టుకుంటారు. లెక్క సున్నాకి వస్తున్న కొద్దీ హాల్ ప్రశ్నలు వేస్తూనే ఉంటుంది, ఇప్పుడు బయల్దేరడం ఎందుకు, గురుగ్రహం మీద వింతలు జరుగుతుంటే ఆగి చూడొద్దా అని. చంద్ర దాటేస్తూ దాటేస్తూ, చివరికి చెప్పేస్తాడు. ఇక్కడే ఉంటే మనుషులు చచ్చిపోతారు, బయల్దేరితే నువ్వు నాశనమవుతావు. హాల్ ఒక్క క్షణం ఆగి, అర్థమైందంటుంది. నీతో ఉండమంటావా అని చంద్ర అడిగితే వద్దంటుంది. నిజం చెప్పినందుకు థాంక్స్ చెప్తుంది.

మర్నాడు పొద్దున్నే నాన్నని బీచ్ రోడ్డుకి తీసుకెళ్ళాను. గాంధీ విగ్రహం దాటాక ఒక బల్ల మీద కూచున్నాం. చెప్పాను. ఎక్కడ మొదలైంది, ఎక్కడికి పాకింది, డాక్టరు ఎన్ని నెలలన్నారు, అన్నీ. సముద్రం వైపు చూస్తూ విన్నారు. చాలాసేపటికి, "ఈ మాట ముందే చెప్పుంటే ఆ పంతులుకిచ్చిన ఐదొందలూ మిగిలేవి గదరా అబ్బాయ్" అన్నారు. నవ్వారు కూడా. నాకు మాత్రం ఏడుపాగలేదు.

అమ్మ నాతో పది రోజులు మాట్లాడలేదు. బావ ఇప్పటికీ ఆ విషయం ఎత్తుతాడు. నాన్న యానాం వెళ్ళిపోతానన్నారు. వెళ్ళి చెయ్యాల్సిన పనులు చేసుకున్నారు. చిన్న పొలం గొడవ ఒకటి ఉంటే తమ్ముణ్ణి పిలిచి రాజీ పడ్డారు. పాత శిష్యులు వచ్చిపోయేవారు. సాయంత్రాలు గోదారి గట్టున కుర్చీ వేయించుకునేవారు.

కర్మకాండ సంగతి ఆయనే ఎత్తారు. క్లార్క్ 2008లో పోయేముందు తన అంత్యక్రియల్లో ఏ మతానికి చెందిన తంతూ ఉండకూడదని రాసి పెట్టుకున్నాడు. నేనూ నా గురించి అలాగే రాసి ఉంచాను, నాన్నకి తెలుసు. "నాకు మాత్రం చెయ్యాలిరా, నువ్వు నమ్మకపోయినా సరే" అన్నారు. నమ్మకుండా చేస్తే అది అబద్ధం కాదా అన్నాను. "నువ్వు నమ్మవని నాకు తెలిసే అడుగుతున్నానుగా, ఇందులో అబద్ధమేముంది" అన్నారు. చేశాను, 2014 ఆగస్టులో. దీనికి సంఘంలో కొందరు నన్ను క్షమించలేదు.

సినిమాలో ఇంకో సంగతి ఉంది, అది చెప్పాలి. మొదట్లో చంద్ర భూమి మీదున్న సాల్ అనే కంప్యూటర్‌ని కాసేపు ఆపబోతాడు. నాకు కలలొస్తాయా అని అది అడిగితే, ఎందుకు రావు, తెలివున్న జీవులన్నీ కలగంటాయని హామీ ఇస్తాడు. చివర్లో అదే ప్రశ్న హాల్ అడుగుతుంది. అప్పుడు మాత్రం తెలీదంటాడు.

జూలైలో ఒక రాత్రి నాన్నకి నొప్పి ఎక్కువగా ఉంది. పక్కన కూచున్నాను. "తర్వాత ఏమన్నా ఉంటుందంటావా?" అన్నారు. నేనేమనుకుంటానో ఆయనకి తెలుసు, నా ఉపన్యాసాలు విన్నారు. "తెలీదు నాన్నా" అన్నాను.

ఈ సంగతి సంఘంలో ఒక్క మిత్రుడికే చెప్పాను. ఆయన నాకన్నా పెద్దవాడు, ముక్కుసూటి మనిషి. "అది కూడా అబద్ధమేనండీ. మీకు తెలీకపోవడమేమిటి? మెదడు ఆగాక ఏమీ ఉండదని వంద సభల్లో చెప్పారుగా. చంద్రకి నిజంగా తెలీదు, మీకు తెలుసు" అన్నాడు. నేను రుజువు లేనిదాన్ని తెలుసనడం తప్పని వాదించాను. దయ్యాల గురించి ఎవరైనా ఇదే మాటంటే మీరొప్పుకుంటారా అన్నాడు. ఒప్పుకోను. పదేళ్ళు దాటింది, ఆ వాదన ఇంకా తెగలేదు. ఆయన 2010 చూడలేదు. డిస్కు ఇచ్చాను, ప్లేయరు పాడైపోయిందని ఇంట్లోనే పెట్టుకున్నాడు. వచ్చే ఆదివారం మా ఇంటికి రమ్మన్నాను.